మాలిక్యూల్ పోయినా మిగిలే ప్రశ్న

చిలకలూరిపేట

చిరంజీవి అమ్మడికి,



పీహెచ్‌డీ సీటూ, హైదరాబాదులో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగమూ ఒకే వారంలో చేతికొచ్చాయని, ఏది పట్టుకోవాలో తేల్చి చెప్పమని అడిగావు. కొత్త మందులు వెతికే ల్యాబుల్లోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి ఆ పని లోపల ఎలా ఉంటుందో రాస్తాను. చదివాక నువ్వే తేల్చుకో.

ముందు డబ్బు సంగతి. మీ నాన్న ఉద్యోగమే మేలంటున్నాడు. ఆ మాట కొట్టిపారెయ్యకు. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి ఆదుకోవాల్సి వచ్చిన ఏడాది మీ ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలుసు. నెలనెలా జీతం పడటం ఎంత ధైర్యమో మీ నాన్నకు తెలిసినంతగా నాకు తెలియదు. నీకు జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది కనుక నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె. అది ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. ఆ నెలలు ఎలా నెట్టుకొస్తావో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పస్తులుండి పరిశోధన చెయ్యమని నేను ఎవరికీ చెప్పను.

ఉద్యోగాన్ని చిన్నచూపు చూడటం కూడా తప్పే. 2012లో సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును తయారుచేసి అమ్ముకోవడానికి నాట్కోకు తప్పనిసరి లైసెన్సు వచ్చింది. అంతకుముందు నెల రోజుల మందు 2 లక్షల 80 వేల రూపాయలు. నాట్కో దాన్ని 9 వేలలోపు ఇచ్చింది. ఆ కంపెనీ పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారు మన గుంటూరు జిల్లావారే. ఉన్న మందును నాణ్యంగా, చవకగా చెయ్యడం వల్ల బతికినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ మందు ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించి సంతకం పెట్టేది నీకిప్పుడు వచ్చిన ఉద్యోగంలాంటి దాంట్లో ఉన్నవాళ్లే.

లేని మందును వెతకడం వేరే పని. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లిన మాలిక్యూల్స్‌లో కూడా పదింట తొమ్మిది మందులు కాలేవు. అక్కడి దాకా వెళ్లనివి వేలల్లో ఉంటాయి. అన్నీ కలిసొచ్చినా ఒక మందుకు పది పదిహేనేళ్లు పడుతుంది. అంటే నువ్వు నలభై ఏళ్లు నిజాయితీగా పనిచేసి, నీ చేతి మందు ఒక్కటి కూడా షాపులో చూడకుండా రిటైరవ్వచ్చు. నాతో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది అలాగే రిటైరయ్యారు. వాళ్లలో కొందరు కుంగిపోయారు, కొందరు నిండుగా ఉన్నారు. ఈ తేడా ఎక్కడ వచ్చిందా అని చాలాకాలం ఆలోచించాను. కుంగిపోయినవాళ్లు ఒక మాలిక్యూల్ మీద ఆశ పెట్టుకున్నారు. నిండుగా ఉన్నవాళ్లు ఒక జబ్బు గురించిన ప్రశ్న పట్టుకున్నారు. మాలిక్యూల్ పోయినా వాళ్ల దగ్గర ప్రశ్న మిగిలింది, దానికి సగం జవాబూ మిగిలింది.

తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి గారి సంగతే తీసుకో. గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, బొంబాయి వెళ్లి, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో 1969లో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లో పనిచేశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. జనరిక్ వ్యాపారం నిలదొక్కుకున్నాక 1993లో కొత్త మందుల కోసం రీసెర్చ్ ఫౌండేషన్ తెరిచారు. అప్పట్లో భారతీయ కంపెనీకి ఆ ఆలోచనే కొత్త. 1997లో షుగరు జబ్బుకు వాళ్లు కనిపెట్టిన మాలిక్యూల్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకుంది, మరుసటి ఏడు రాగాగ్లిటజార్‌నూ తీసుకుంది. రక్తంలో చక్కెరనూ కొవ్వునూ ఒకే దెబ్బకు దించాలన్నది దాని ఉద్దేశం. మనుషుల మీద పరీక్షలు ఆఖరి దశకు చేరాక, 2002లో, ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. పరీక్షలు ఆపేశారు.

ఆ వార్త విన్నరోజు మా ల్యాబులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కానీ ఆ తర్వాత జరిగింది చూడు. అదే తరగతికి చెందిన మురాగ్లిటజార్, టెసాగ్లిటజార్ కూడా పెద్ద పెద్ద విదేశీ కంపెనీల చేతుల్లోనే ఆగిపోయాయి. ఆ రకం మందులను ఆరు నెలలకు మించి మనుషులకివ్వాలంటే ఎలుకల్లో రెండేళ్ల క్యాన్సర్ పరీక్ష ముందే పూర్తికావాలని అమెరికా నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. హైదరాబాదులో పుట్టిన ఒక మాలిక్యూల్ ఆగిపోతూ కూడా, తర్వాతి పరీక్షల్లో చేరిన మనుషులకు కాపలా నిలబడింది. ఇది ఓటమి అని నాతో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి నీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. ఆయన బృందం పంపిన ఫోలిక్ ఆమ్లం తరహా పదార్థాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకిస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఆ చెడు ఫలితాన్ని వాళ్లు దాచలేదు. అయితే దీనికి విరుద్ధంగా పనిచేసేది ఇస్తే ఏమవుతుందని అడిగారు. అలా అమినోప్టెరిన్, దాని వెనకే మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఇవాళ మన ఊళ్లలో కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర అదే.

ఇలాంటి ఉదాహరణలు మన చేలల్లోని పంటలవే రెండు ఉన్నాయి. పత్తిగింజలోని గాసిపాల్ మగవాళ్లకు గర్భనిరోధక మాత్ర అవుతుందని చైనాలో 1970లలో వేలమందికి ఇచ్చి చూశారు. వీర్యకణాలు తగ్గాయి నిజమే. కొందరికి పొటాషియం పడిపోయింది, కొందరికి మందు ఆపినా సంతాన శక్తి తిరిగిరాలేదు. అక్కడితో అది ఆగింది. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నరం మీద ఎక్కడ అంటుకుంటుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. దానికి 2021లో నోబెల్ వచ్చింది. ఆ చోటును మూసేస్తే నొప్పి పోతుందని కంపెనీలు ఎగబడ్డాయి. తీరా కొందరికి జ్వరం 40 డిగ్రీల దాకా వెళ్లింది, ఎందుకంటే ఒంటి వేడిని అదుపులో ఉంచడంలో కూడా దాని చెయ్యి ఉంది. మూసే మందు రాలేదు కానీ, సర్పి తర్వాత మిగిలే నరాల నొప్పికి క్యాప్సైసిన్ పట్టీ వచ్చింది.

కాబట్టి నీ మాలిక్యూల్‌ను చంపగల పరీక్షను అందరికంటే ముందు నువ్వే పెట్టు. కళ్లంలో తాలుకాయ ఏరకుండా యార్డుకు తోలితే బస్తా మొత్తం ధర పడిపోతుందని మీ అమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. గ్రాఫు అందంగా వచ్చినరోజే కంట్రోల్స్ మళ్లీ చూడు. కణాల్లో పనిచేసింది కాలేయం దాటి నిలుస్తుందా, రక్తంలో ఎన్ని గంటలుంటుంది, ఉప్పులా నీళ్లలో కరుగుతుందా అన్నవి మొదటి ఏడాదిలోనే అడుగు. గైడుకు నచ్చని ఫలితం వస్తే తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసి, ఆయన చేత సంతకం పెట్టించు.

ఇక ఏ ప్రశ్న పట్టుకోవాలన్నది. ఇది నా సొంత కోరిక కూడా, దాచను. 1987లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. మోనోక్రోటోఫాస్‌లాంటి మందులు నరాల దగ్గరుండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టేస్తాయి. అదే ఎంజైమును మెల్లగా, విడిచిపెట్టేలా పట్టుకునే డోనెపెజిల్‌ను మతిమరుపు జబ్బుకు ఇస్తున్నారు. తాగినవాళ్లకు పెద్దాసుపత్రిలో ఇచ్చేది ఇప్పటికీ అట్రోపినే, దానితో పాటు పామ్ (ప్రాలిడాక్సిమ్) అనే మందు. 2006లో బారామతిలో ఎక్కువ మోతాదు పామ్ మేలు చేసిందన్నారు. 2009లో శ్రీలంకలో జరిగిన పరీక్షలో మేలు కనిపించలేదు. ఇంత పాత విషానికి ఇంత బలహీనమైన విరుగుడు ఉండటం నాకు మింగుడుపడదు. పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు. చనిపోయేవాళ్లు పేద రైతులు కాబట్టి పెద్ద కంపెనీలకు ఇది లాభసాటి ప్రశ్న కాదు. మనకు మాత్రం ఇంటి పక్క ప్రశ్న. నువ్వు దీన్నే తీసుకోవాలని పట్టుబట్టను. నీ ప్రశ్న ఏదైనా, దాని జవాబు కోసం ఎదురుచూసే మనిషి ముఖం నీకు తెలిసి ఉంటే పనికి బలం ఉంటుంది.

సీటు ఒప్పుకునే ముందు ఆ ల్యాబు నుంచి వెళ్లిన వాళ్లలో ఇద్దరికి ఫోన్ చెయ్యి. ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు, పనిచెయ్యని ఫలితం చూపిస్తే గైడు ఏమన్నారు, పేపర్లో ఎవరి పేరు ముందుంటుంది అని అడుగు. రెండో ప్రశ్నకు వాళ్లు తడబడితే ఆ సీటు వదిలెయ్యి, ఈ ఏడు ఉద్యోగంలో చేరి వచ్చే ఏడు మరో ల్యాబు చూసుకుందువు. తడబడకపోతే చేరు. ఆదివారం నేను వస్తున్నాను, డబ్బు లెక్క మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆ ఇద్దరూ ఏం చెప్పారో ఈలోగా రాసిపెట్టుకో.

నీ శ్రేయస్సు కోరే
పెదనాన్న