ఫోర్క్‌లిఫ్టు దగ్గర పనిచేసేవారికి

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలకు, రాయి కోసే ఫ్యాక్టరీలకు పనికి వెళ్ళేవారు మన చొప్పదండి కుటుంబాలలోనూ ఉన్నారు. ఒక ఘనమీటరు గ్రానైట్ సుమారు 2,700 కిలోలు తూగుతుంది. అంత బరువుల మధ్య తిరిగే ఫోర్క్‌లిఫ్టును గూర్చి కొన్ని సంగతులు చెబుతున్నాము.

కారు ముందు చక్రాలతో మలుపు తిరుగుతుంది, ఫోర్క్‌లిఫ్టు వెనుక చక్రాలతో తిరుగుతుంది. అందుచేత మలుపులో దాని వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు విసురుగా వస్తుంది. నడిచేవారు ముందున్న ఫోర్కులను చూసి భయపడి, పక్కకు జరిగితే చాలనుకుంటారు. ఆ పక్కనే ప్రమాదం! ఆపరేటర్ మిమ్మల్ని చూసి, బండి ఆపి, చేయి ఊపిన తరువాతే దాటండి. ఎత్తిన బరువు కింద నిలబడరాదు.

ఆపరేటర్లు బరువును నేలకు సుమారు 6 అంగుళాల ఎత్తులోనే ఉంచి నడపాలి. బండి ఒరిగితే దూకకండి. దూకినవారి మీదే అది పడుతుంది. సీటు బెల్టుతో స్టీరింగును గట్టిగా పట్టుకొని, ఒరిగే వైపుకు ఎదురుగా వంగండి.

కాలు నలిగితే, రక్తం కారలేదు గదా అని ఇంటికి తీసుకుపోయి పసుపు పట్టు వేయకండి. నలిగిన కండరాలలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషి బరువు కింద ఎంతసేపు ఉన్నాడో డాక్టరుకు తప్పక చెప్పండి. తరువాత మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, తగ్గినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.