స్తేయము - సంధిచ్ఛేదము : స్మృతుల సాక్ష్యమును, ఆంగ్లపాలననాటి చోరీ నివేదికలును

స్వామి సమక్షమున బలాత్కారముగ గైకొనినచో సాహసమనియు, పరోక్షమున నపహరించినను, తీసికొని లేదని బొంకినను స్తేయమనియు మనువు అష్టమాధ్యాయమున విభజించినాడు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 378వ విభాగమున దొంగతనమునకు నిర్వచనము చెప్పుచు, ఒకరి యధీనమందున్న చరవస్తువును, వారి సమ్మతి లేకుండ, అక్రమబుద్ధితో కదల్చుటయే ప్రధానాంశముగ గ్రహించినది. వస్తువు గడప దాటనక్కరలేదు. స్థానము నుండి కదలిన చాలును. స్మృతికారుని దృష్టి స్వామి యునికిపై నుండగా, శిక్షాస్మృతి దృష్టి వస్తుచలనముపై నున్నది. ఈ భేదము చిన్నదిగ దోచినను, ఫిర్యాదు వ్రాసికొనువాడు మొదట నేమి యడుగవలెనో నిర్ణయించునది యిదియే.

ఈ పరిశీలనకు ప్రేరకమైన విషయ మొకటి కలదు. 1871లో నేరస్థ జాతుల చట్టము చేయబడినప్పుడు, ఈ దేశమున వడ్రంగము, నేత మున్నగు వృత్తులవలె చౌర్యమును కులక్రమాగతమనియు, దొంగ పుట్టుకతోడనే దొంగయనియు వాదము వినబడినది. పిదప రక్షకభట శాఖ నివేదికలలో నిదియే సిద్ధాంతమై కూర్చున్నది. మృచ్ఛకటికము తృతీయాంకమును, దశకుమారచరితమందలి అపహారవర్మ కథను దీనికి సాక్ష్యముగ జూపువారును లేకపోలేదు. చోరశాస్త్రమే యున్నప్పుడు చోరకుల ముండదా యని వారి యూహ. పాఠము చెప్పు సందర్భమున ఈ మాటను విమర్శింపక యొప్పుకొనువారు నేటికిని గలరు గనుక, గ్రంథములు నిజముగ నేమి చెప్పుచున్నవో చూడవలసియున్నది.

శర్విలకుని సంగతి మొదట జూతము. అతడు చతుర్వేదవేత్తయు, ప్రతిగ్రహము నొల్లనివాడును అగు బ్రాహ్మణుని కుమారుడు. దాసిగానున్న మదనికను విడిపించుటకు ధనము లేక చారుదత్తుని యింట కన్నము వేసినవాడు. కనకశక్తిని, కార్తికేయుని, యోగాచార్యుని స్మరించును. పద్మము, భాస్కరుడు, బాలచంద్రుడు, వాపి, విస్తీర్ణము, స్వస్తికము, పూర్ణకుంభము అను నేడు విధములైన సంధులలో నే దచ్చటి గోడకు తగునని విచారించి పూర్ణకుంభమును నిర్ణయించును. కొలత్రాడు మరచి వచ్చి యజ్ఞోపవీతముతోనే కొలుచును. ఈ హాస్యములోని వాడి గమనింపదగినది: విద్య గురుముఖమున వచ్చినది గాని, కులమున వచ్చినది కాదు. అపహారవర్మయు నంతే. రాజవాహనుని సహచరుడైన కుమారుడతడు. చంపానగరమున లోభుల ధనమును హరించి, జూదరులచే వేశ్యలచే చెడినవారికి తిరిగి చేర్చుటకు కర్ణీసుతుని మార్గము నవలంబించెను. ఫణిముఖము, కాకలి, సందంశకము, పురుషశీర్షకము, యోగచూర్ణము, యోగవర్తిక, మానసూత్రము, కర్కటకము, రజ్జువు, దీపభాజనము, భ్రమరకరండకము అను నతని పనిముట్ల పట్టికను దండి యిచ్చినాడు. దీపముల నార్పుటకు తుమ్మెదలను పెట్టెలో దెచ్చుకొను దొంగ! తిక్కనకు తన తెనుగు దశకుమారచరిత్రమును కృతియిచ్చి అభినవదండి యనిపించుకొన్న కేతన ఈ కథను తెలుగువారికి పదుమూడవ శతాబ్దముననే యందించినాడు. సంస్కృత కథావాఙ్మయమున చౌర్యము విద్యగ వర్ణితమైనది, జాతిగ గాదు. కావ్యములలోని గొప్పదొంగ లిద్దరును ఏ నేరస్థ జాతి పట్టికలోను చేరువారు కారు.

అయితే కావ్యము నొకదానినే నమ్మి తీర్పు చెప్పుట పాడి గాదు. ధర్మశాస్త్రము నడుగవలెను. యాజ్ఞవల్క్యుని వ్యవహారాధ్యాయమందలి స్తేయప్రకరణము దొంగను పట్టు ప్రమాణములను చెప్పుచున్నది. లోప్త్రము, అనగా చోరీసొత్తు, చేతనుండుట; అడుగుజాడ; పూర్వాపరాధము; నివాసము తెలియకుండుట; పిమ్మట శంకాస్థానములు. పేరును జాతిని దాచువాడు, జూదము స్త్రీలు మద్యము వీనియందు తగిలినవాడు, అడిగినప్పుడు నోరెండి గొంతు మారువాడు, పరుల ద్రవ్యమును గృహములను గూర్చి ఆరాతీయువాడు, వేషము మార్చి తిరుగువాడు, రాబడి లేక వ్యయము చేయువాడు, చెడిన వస్తువుల నమ్మువాడు. ఈ పట్టికలో నొక్కటియు పుట్టుకను గూర్చినది లేదు. జాతి ప్రసక్తి యొకచోట మాత్రమే వచ్చినది. అదియు దానిని దాచుటయే శంకాకారణమని. విజ్ఞానేశ్వరుని మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగ తెనిగించినవాడును కేతనయే యగుటచేత, దొంగ కథను, దొంగకు దండనమును ఒక్క కవియే తెలుగున జెప్పినట్లైనది.

ఇట నొక సత్యమును దాచరాదు. స్మృతులు వర్ణభేదము లేక దండించినవని చెప్పుట యసత్యము. మనువు చౌర్యదోషమును శూద్రునకు ఎనిమిది రెట్లు, వైశ్యునకు పదునారు, క్షత్రియునకు ముప్పదిరెండు, బ్రాహ్మణునకు అరువదినాలుగో, నూరో, నూటయిరువదియెనిమిదో యని పెంచుకొనిపోయెను. సామాన్యుడు ఒక కార్షాపణము చెల్లించు తప్పునకు రాజు వేయి చెల్లింపవలెననెను. తెలిసినవానికి దోష మెక్కువ యను న్యాయ మిది. కాని యాతడే బ్రాహ్మణునకు వధదండము లేదనెను. రాత్రివేళ కన్నము వేసి దొంగిలినవారికి చేతులు నరికి కొరత వేయుమనెను. మొదటి మాటను వల్లించి రెండవదానిని మ్రింగు వ్యాఖ్యానము శాస్త్రమునకు మేలు చేయదు. ప్రస్తుత ప్రశ్నకు సంబంధించినంతవరకు నిశ్చయముగ జెప్పదగినది: దండనము వర్ణమును బట్టి మారినది; శంక మాత్రము నడవడిని బట్టి కలుగవలెనని శాస్త్రము.

వ్యవహారమున శంక యెట్లు నడచినదో కాళిదాసు చూపినాడు. శాకుంతలము షష్ఠాంక ప్రవేశకమున రక్షకు లిరువురు జాలరిని కట్టి తెత్తురు. రాజనామాంకితమైన యుంగరము వాని చేత దొరకినది. వాని కులవృత్తిని ఎకసక్కెమాడుదురు, కొట్టుదురు, వధ్యమాల వేయుటకు చేతులు దురద పెట్టుచున్నవన్నట్లు మాటలాడుదురు. జాలరి తన వృత్తిని దాచక, పుట్టుకతో వచ్చిన పని నిందితమైనను విడువరాదని సమాధానము చెప్పును. నగరరక్షణాధికారి రాజునొద్దకు పోయి వచ్చి వాని విడిపించును. ఉంగరము విలువ బహుమానముగ లభించును. అందు సగము రక్షకులకు పోవును. అందరును కల్లుపాకకు నడతురు. పుట్టుకను జూచి శంకించుట భటుల బుద్ధియనియు, విచారణ చేయుట రాజధర్మమనియు ఇంతకన్న స్పష్టముగ నే స్మృతియు చెప్పలేదు.

ఈ యుంగరమును ఆంగ్లేయుల న్యాయగ్రంథములతో పోల్చిన నొక చమత్కారము గోచరించును. శిక్షాస్మృతి 378వ విభాగపు ఉదాహరణములలో, ఎవరి యధీనమునను లేక బాటపై పడియున్న యుంగరమును తీసికొనుట దొంగతనము కాదనియు, అక్రమ వినియోగదోషము కావచ్చుననియు ఉన్నది. చేప కడుపున దొరకిన యుంగరమున కంతకన్న దగ్గర దృష్టాంతము వెదకనక్కరలేదు. మరియు 1872 నాటి సాక్ష్య చట్టము 114వ విభాగము, దొంగతనము జరిగిన కొలదికాలములోనే సొత్తు ఎవనిచేత నున్నదో వాడు సంజాయిషీ చెప్పలేనిచో దొంగయనియో, ఎరిగి పుచ్చుకొన్నవాడనియో న్యాయస్థానము ఊహింపవచ్చుననుచున్నది. యాజ్ఞవల్క్యుని లోప్త్రగ్రహణ మిదియే. ఇట్లే శిక్షాస్మృతి 445వ విభాగమున, గోడకు రంధ్రము చేసి చేయి దూర్చుటయే గృహభేదనమునకు తొలి యుదాహరణము. మట్టిగోడల దేశమున సంధిచ్ఛేదమునకు రెండువేల యేండ్లలో రూపము మారలేదు. పూర్వశిక్షితునకు దండన పెంచు 75వ విభాగము పూర్వాపరాధి ప్రసక్తికి సోదరము. మనువు దారినపోవు క్షీణవృత్తియైన ద్విజుడు రెండు చెరకుగడలు, రెండు దుంపలు తీసికొన్న దండ్యుడు కాడనగా, శిక్షాస్మృతి 95వ విభాగము సామాన్యబుద్ధి గలవాడు ఫిర్యాదు చేయనంత స్వల్పహాని నేరము కాదన్నది. శిక్షాస్మృతి మినహాయింపు పథికునకు, ద్విజునకు పరిమితము కాకుండుట దానికి గుణమే.

ఇంతవరకు సామ్యము. భేదము గ్రామరక్షణమున నారంభమగుచున్నది. జాడ గ్రామము వెలుపలికి పోనిచో గ్రామాధిపతియే నష్టమును పూరింపవలెనని యాజ్ఞవల్క్యుడు. సీమలో జరిగిన గ్రామమే యిచ్చుకొనవలెనని, సీమల వెలుపల నైనచో చుట్టునున్న అయిదో పదో గ్రామములు కలిసి యిచ్చుకొనవలెనని విధి. తెలుగునాట తలారి, కావలికారు వ్యవస్థకు ఆధార మీ న్యాయమే. పంటలో మేర గొనువాడు సొమ్ము పోయినప్పుడు దొంగనైన జూపవలె, సొమ్మైన నిచ్చుకొనవలె. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతితో జమీందారుల రక్షకాధికారము తొలగినది. 1816లో గ్రామపెద్దకు, తలారికి కొంత యధికారము తిరిగి వచ్చినను, ఇచ్చుకొను పూచీ తిరిగి రాలేదు. కావలిమేరను అధికారులు బెదరింపు వసూలుగ జూడసాగిరి. 1859 చట్టముతో మద్రాసు రాజధానిలో నూతన పోలీసు శాఖ యేర్పడినది. అప్పటినుండి సొమ్ము పోయినవానికి దక్కినది కాగితము.

ఆ కాగితమునందలి లోపములను ప్రభుత్వము నియమించిన సంఘములే బయటపెట్టినవి. 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘము, చోరీ నొప్పించుటకు క్రిందియుద్యోగులు చేసిన హింసలను వెల్లడించినది. పోలీసుల యెదుట నొప్పుకోలు సాక్ష్యముగ చెల్లదను నియమము పిదప సాక్ష్య చట్టమున జేరినది. 1902-03 పోలీసు సంఘము, అంకెలను బట్టి ఉద్యోగుల ప్రతిభను కొలుచు పద్ధతివలన ఫిర్యాదులు నమోదు కాకుండ అణచబడుచున్నవని గుర్తించినది. చెంబు పోయినదని ఠాణాకు నడచిన రైతు, ఒకనాటి కూలి పోగొట్టుకొని, తుదకు లెక్కలోనికిని రాలేదు. కావున ఆ నాటి వార్షిక నివేదికలలోని చిల్లర దొంగతనముల సంఖ్యను యథాతథముగ గ్రహింపరాదు. ధాన్యపు ధర పెరిగిన యేట చోరీలు పెరిగినవని మాత్రము ఆ నివేదికలే పదేపదే చెప్పుచున్నవి. 1876-78 కరవు దీనికి ఘోరనిదర్శనము. ఆకలిని కారణముగ వ్రాసిన కలమే, మరుపుటలో జాతిని కారణముగ వ్రాసినది. 1864 కొరడా శిక్షల చట్టమువలన ఆకలిదొంగకు చెరసాలకు బదులు కొరడాదెబ్బలు లభించినవి.

1898 నేరవిచారణ స్మృతిలోని 109, 110 విభాగములు, జీవనోపాధి చూపలేనివానిని, ఉనికిని దాచువానిని, అలవాటుగ కన్నములు వేయువానిని పూచీకత్తునకు పిలిపింపవచ్చుననినవి. ఇవి యాజ్ఞవల్క్యుని శంకాస్థానములకు దాదాపు అనువాదములవలె నున్నవి. వ్యక్తి నడవడినే చూచుచున్నవి. 1911లో నేరస్థ జాతుల చట్టము మద్రాసు రాజధానికి వ్యాపించినప్పుడు ఈ మర్యాదయు పోయినది. ఒక జాతిని నేరస్థమని ప్రకటించిన చాలును. అందు పుట్టినవాడు పేరు నమోదు చేయించుకొని, వ్రేలిముద్ర లిచ్చి, వేళకు హాజరు పలుకవలెను. ఎరుకలవారు ఎడ్లపై, గాడిదలపై ఉప్పును, ధాన్యమును మోసి గ్రామములకు చేర్చిన వర్తకులు. ఉప్పు విధానములు, రైలుమార్గములు ఆ వర్తకమును హరింపగా, ఊరూర తిరుగుట యొక్కటి మిగిలినది. తిరుగుటయే శంకకు కారణమైనది. బాపట్ల సమీపమున 1913లో ముక్తిఫౌజు నిర్వహణమున వెలసిన స్టూవర్టుపురము, కావలి, సీతానగరము వసతులు ఇట్లు నిండినవి. చీరాల పొగాకు కర్మాగారమునకు స్టూవర్టుపురమునుండి కూలీలు వెళ్లిన సంగతిని, వర్తకము నశించిన క్రమమును మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథమున సవిస్తరముగ నిరూపించినారు. ముల్లాలీ 1892లో మద్రాసు రాజధాని నేరస్థ వర్గములపై వ్రాసిన పుస్తకము పోలీసులకు కరదీపికయైనది. యాజ్ఞవల్క్యుడు మనుష్యుని ముఖమును జూడుమనగా, ముల్లాలీ వాని జాతిపేరును జూడుమన్నాడు.

మద్రాసు రాష్ట్రమున ఈ చట్టము 1947లో రద్దైనది. తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగ 1949లో నియుక్తమైన సంఘము సిఫారసులను బట్టి 1952 ఆగస్టు 31న దేశమంతట తొలగినది. పిమ్మట రాష్ట్రములు చేసిన అలవాటు నేరస్థుల చట్టములు జాతిని విడిచి వ్యక్తిని గ్రహించినవి. పేరు మారినను శంక మారుట కష్టమైనది. దొంగ నాటకములకు, చలనచిత్రములకు స్టూవర్టుపురము పేరే చాలినది.

1860 శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందలి 303వ విభాగము, అయిదువేల రూపాయలకు లోబడిన సొత్తును తొలిసారి దొంగిలినవాడు దానిని తిరిగి యిచ్చినచో లేక దాని విలువను చెల్లించినచో, సమాజసేవను శిక్షగ విధించుచున్నది. నారదుడు వస్తువులను క్షుద్ర మధ్యమోత్తమములుగ విభజించి, మట్టిపాత్రలు, ఆసనములు, కట్టెలు, గడ్డి, పక్వాన్నము మున్నగువానిని క్షుద్రద్రవ్యములలో జేర్చి దండమును తగ్గించినాడు. యాజ్ఞవల్క్యుడు దొంగచేత సొమ్మును మొదట స్వామికి ఇప్పించి, పిదప దండింపుమన్నాడు. ఆంగ్లపాలనలో దండన ముందునకు వచ్చి సొమ్ము వెనుకకు పోయినది. నూతన సంహితలో సొమ్ము మరల ముందునకు వచ్చినది.