పాత బేతాళకథల సంచికలు – వాని సేకరణము

బేతాళకథలకు మొద లొక పండు. గోదావరీతీరమున ప్రతిష్ఠానపురము నేలిన త్రివిక్రమసేనునకు క్షాంతిశీలుడను భిక్షువు దినమున కొక ఫలము చొప్పున పదియేండ్లు కానుకగా నిచ్చెను. రాజు వానిని సరకుసేయక కోశాధికారి చేతి కిచ్చుచుండెను. ఒకనా డొక కోతి పండును కొఱుకగా లోపలినుండి రత్నము బయల్పడెను. కోశాగారమున వెదకి చూడగా పండ్లన్నియు కుళ్లిపోయెను గాని రత్నములు చెక్కుచెదరక యుండెను. 11వ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమునం దీ వృత్తాంతము కలదు.

గడ్డిఅన్నారములోని పండ్ల మార్కెట్టు 2021-22 ప్రాంతమున బాటసింగారమునకు తరలివచ్చినది. పండ్లపెట్టెలలో పాతకాగితములు పఱచుట మనము చూచుచునే యున్నాము. ఆ కాగితములలో ఒకప్పు డేయింటి పిల్లలో ప్రేమతో చదివిన కథల పుటలును ఉండవచ్చును. పండు చెడకుండుటకు కాగితమును వాడుచున్నాము. కాగితము చెడకుండుట కేమి చేయుచున్నాము? ఈ విషయమును మా విద్యార్థులతోడను వారి తలిదండ్రులతోడను విచారింపగోరుచున్నాము.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసునుండి ‘చందమామ’ను తెలుగు, తమిళభాషలలో ప్రారంభించిరి. 1950 దశాబ్దపు మధ్యభాగమునుండి అందు బేతాళకథలు వెలువడజొచ్చినవి. మూలమునందలి కథ లిరువదియైదే. చందమామవారు ఆ చట్రమును నిలుపుకొని, క్రొత్తకథలు చేర్చుచు, దశాబ్దములపాటు నడపిరి. శ్మశానము, చెట్టున వ్రేలాడు శవము, కత్తి దూసి దానిని భుజమున మోయు రాజు: ఈ చిత్రమును పాఠకుల మనస్సులలో నిలిపినవారు శంకర్ అను కె.సి. శివశంకరన్‌గారు. వారు 2020లో దివంగతులైరి. పత్రికయు 2013 నాటికే నిలిచిపోయినది. కావున ఇపుడు మనయిండ్లలో మిగిలిన ప్రతులే దాని ఆస్తి.

ఇట్టి కథలు పిల్లలకు తగునా యని కొందఱు తల్లిదండ్రు లడుగుదురు. ఈ ప్రశ్న అమెరికాదేశమునను పుట్టినది. అచట విలియం గెయిన్సు అను ప్రచురణకర్త 1950 మొదలు ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ మున్నగు మూడు భయానక బొమ్మలకథల పత్రికలను వెలువరించెను. వానియందును కథ చెప్పువారు బేతాళునివంటి వికృతరూపులే. 1948లోనే వెస్టు వర్జీనియాలోని స్పెన్సరు పట్టణమున బడిపిల్లలచేత బొమ్మలపుస్తకములను కుప్పవోసి కాల్పించిరి. 1954లో శాసనసభ్యుల యుపసంఘము గెయిన్సును విచారించెను. ఆ యేడే ప్రచురణకర్తలు తమకు తామే నియమావళి నేర్పఱచుకొని, పత్రికల పేళ్లలో ‘భయానకము’ అను మాటనే నిషేధించిరి. 1955 నాటికి ఆ మూడు పత్రికలును అంతరించెను. అయితే గెయిన్సు తన ప్రతిసంచికను కొన్నిప్రతుల చొప్పున దాచియుంచెను. అందుచేతనే వానిలో నేది మంచి, యేది చెడ్డ యని తరువాతివారు చదివి నిర్ణయింపగలిగిరి. కాల్చినదానిని గుఱించి తీర్పు చెప్పుట యెవరితరము?

ఆ పత్రికలలో బాలురకు తగని క్రూరచిత్రము లుండెననుట నిజమే. పెద్దలు చూచి యేర్చి యిచ్చుట యుక్తము. కాని భయము కల కథ యంతయు చెడ్డకథ కాదు. సౌలు రాజు రాత్రివేళ మాఱువేషమున ఏన్దోరునకు పోయిన వృత్తాంతమును పరిశుద్ధ గ్రంథమే చెప్పుచున్నది. బేతాళకథ భయముతో మొదలై న్యాయప్రశ్నతో ముగియును. ఎవరిది దోషము? ఎవరిది త్యాగము? సమాధాన మెఱిగియు చెప్పకున్న రాజునకు తల పగులును. చెప్పినయెడల శవము మరల చెట్టెక్కును. అట్లయ్యు రాజు సత్యమునే పలుకును. ఇద్దఱు తల్లుల వివాదమున సొలొమోను తీర్పును పాఠముగా చదువు మా పిల్లల కిది క్రొత్తదారి కాదు.

ఇక సేకరణవిధానము. ముందుగా ఇంటి అటకను, తాతల పెట్టెను వెదకవలెను. పిమ్మట ఆదివారము ఆబిడ్సులో కాలిబాటపై పఱచు పాతపుస్తకములను చూడవలెను. సంచిక దొరకగానే పుటలు లెక్కించి, నెల, సంవత్సరము, లోపించిన పుటలు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ధారావాహికలను చింపి వేఱుగా బైండు చేయించుకొనుట పూర్వము వాడుక. అట్టి బైండును పాఱవేయరాదు. 1998 చివరనుండి సుమా రొకయేడు చందమామ వెలువడలేదు. ఆ నెలల సంచికలకై వెదకుట వ్యర్థము.

చౌకకాగితము కొయ్యగుజ్జుతో చేయబడును. అందలి లిగ్నిన్ అను పదార్థము వెలుతురు, గాలి సోకి కాగితమును పసుపువన్నెకు త్రిప్పును. పుట్టిన ఆమ్లము దానిని పెళుసు చేయును. కావున సంచికలను ఎండ తగులనిచోట, తేమలేని బీరువాలో పరుండబెట్టవలెను. తుప్పుపట్టిన పిన్నులను పెద్దల సాయమున మెల్లగా తీసి, నూలుదారముతో కుట్టవలెను. జిగురుటేపు మాత్రము అంటింపరాదు. మే మొకప్పుడు తెలియక చినిగిన ముఖపత్రమున కది యంటించితిమి. కొన్నియేండ్లకు జిగురు కాగితములోని కింకి, రాజుగారి ముఖముపై గోధుమవన్నె చారగా నిలిచినది. ఆ చారను తొలగింప మాకు సాధ్యము కాలేదు.

వెల హెచ్చునను ఆశతో ఈ పని చేయుమని మేము చెప్పము. ఈ సెలవులలో ప్రతివిద్యార్థియు తన యింట ఒక్క పాతసంచికనైన వెదకి, దానిని మొదట చదివిన పెద్దవారి నడిగి, వారి జ్ఞాపకమును వేఱొక కాగితమున వ్రాసి, సంచికతోకూడ భద్రపఱచిన చాలును. త్రివిక్రమసేనుడు పదియేండ్లు పండ్లను చేతబట్టియు లోపల నేమున్నదో చూడడయ్యెను. మన యింటి యటకమీది కట్టను తూకమునకు వేయుటకు ముందు ఒకసారి విప్పి చూతము.