రెండు ఓట్ల కాలం: జనరల్ సీటు ఎవరిది?

పోటీ పరీక్షల పుస్తకాలలో తప్పకుండా కనిపించే ప్రశ్న ఒకటుంది. స్వతంత్ర భారతదేశపు మొదటి సార్వత్రిక ఎన్నికలలో నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న తెలుగు నాయకుడు ఎవరు? మన హాస్టల్‌లో తొమ్మిదో తరగతి తమ్ముడిని నిద్రలో లేపి అడిగినా రావి నారాయణరెడ్డి గారని చెబుతాడు. నల్లగొండలో ఆయనకు 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూ గారికి 2,33,571 వచ్చాయి. ఇంతవరకు అందరికీ తెలుసు.

ఇప్పుడు రెండో ప్రశ్న. అదే 1952లో, అదే నల్లగొండ నుంచి, అదే ఎన్నికలో లోక్‌సభకు గెలిచిన ఇంకో సభ్యుడు ఎవరు?

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఒక నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులేమిటి అనుకుంటారు. ఆయన పేరు సుంకం అచ్చాలు. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన సీటులో గెలిచారు. నెహ్రూ గారి నియోజకవర్గంలో కూడా ఆయనతో పాటు మసూరియా దీన్ అనే దళిత నాయకుడు గెలిచారు. పెద్ద పేర్లు ప్రశ్నలోకి వచ్చాయి, పక్కనున్న పేర్లు పోయాయి. మేము ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలో చేరేదాకా మాకూ ఈ రెండో పేర్లు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్ళం మేమే మొదలు కాబట్టి ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు కూడా లేకపోయింది. అందుకే తమ్ముళ్ళ కోసం, పాత విద్యార్థులైన అన్నల కోసం కూడా, ఈ పాఠాన్ని మన వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

ముందు చరిత్ర కొంచెం. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. అంటే మన ప్రతినిధిని మన ఓట్లతోనే ఎన్నుకోవడం. గాంధీ గారు ఎరవాడ జైలులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. సెప్టెంబరు 24న అంబేడ్కర్ గారు పూనా ఒడంబడికపై సంతకం చేశారు. రాష్ట్రాల శాసనసభలలో 148 సీట్లు వచ్చాయి కాని, ఓటు వేసేది అందరూ కలిసి. రాజ్యాంగం వచ్చాక కూడా ఈ ఉమ్మడి ఓటు పద్ధతే నిలిచింది. 330వ అధికరణం లోక్‌సభలో సీట్లు కేటాయించమంది. ఎక్కడ, ఎలా కేటాయించాలన్నది తర్వాతి చట్టాల పని.

అప్పుడు ఎంచుకున్న మార్గమే ద్విసభ్య నియోజకవర్గం. కొన్నిచోట్ల రెండు సీట్లను కలిపి ఒకే పెద్ద నియోజకవర్గం చేశారు. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. 1951-52 ఎన్నికలలో 489 లోక్‌సభ సీట్లుంటే నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 314 ఏకసభ్య, 86 ద్విసభ్య. మిగిలిన ఒక్కటి, ఉత్తర బెంగాల్, ముగ్గురు సభ్యులది. గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్ళు ఈ అంకెలు గుర్తుపెట్టుకుంటే మంచిది. 1957లో 494 సీట్లకు 403 నియోజకవర్గాలు, అందులో ద్విసభ్యవి 91.

ద్విసభ్య నియోజకవర్గంలో ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. కులం ఏదైనా రెండే. రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. అప్పట్లో కాగితం మీద ముద్ర కొట్టడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దానిపై గుర్తు అంటించి ఉండేది. ఓటరు తెర వెనక్కి వెళ్ళి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. అక్షరం ముక్క రాని మన తాతలు, నానమ్మలు ఓటు వేయగలిగింది ఈ పద్ధతి వల్లనే.

లెక్కింపు ఎలాగో తెలియాలంటే ఒక దేశాన్ని ఊహించుకుందాం. మ్యాపులో వెతకవద్దు, మేము కల్పించిందే. పేరు నడిమిసీమ అనుకోండి. అక్కడ సార్వత్రిక ఎన్నికలు జరుగుతున్నాయి. ఒక ద్విసభ్య నియోజకవర్గంలో 100 మంది ఓటర్లున్నారు, అంటే 200 ఓట్లు. నలుగురు పోటీ చేస్తున్నారు. క, ఖ ఇద్దరూ ఇతర కులాలవారు. గ, ఘ ఇద్దరూ షెడ్యూల్డు కులాలవారు. పెట్టెలు తెరిస్తే క 60, ఖ 56, గ 45, ఘ 39 వచ్చాయి. ముందుగా రిజర్వుడు సీటు తేల్చాలి. షెడ్యూల్డు కులాల అభ్యర్థులలో ఎక్కువ వచ్చింది గకు, కనుక ఆ సీటు గది. తర్వాత మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవాళ్ళకు జనరల్ సీటు, అది కది. ఖకు 56 వచ్చినా ఓడిపోయాడు, 45 వచ్చిన గ గెలిచాడు. ఇక్కడ కొందరు ముఖం చిట్లిస్తారు. రిజర్వేషన్ అంటేనే అది కదా.

ఐదేళ్ళ తర్వాత నడిమిసీమలో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి క 47, ఖ 42, గ 57, ఘ 54. రిజర్వుడు సీటు గది. మరి జనరల్ సీటు? చట్టం చెప్పింది 'మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవాళ్ళకు' అని. మిగిలినవాళ్ళు క, ఖ, ఘ. ఎక్కువ వచ్చింది ఘకు. అంటే రెండు సీట్లూ షెడ్యూల్డు కులాల వాళ్ళకే. ముందు ముఖం చిట్లించినవాళ్ళు ఇప్పుడు ఏమంటారో చూడాలి.

ఈ లెక్క మేము కల్పించింది కాదు. దేశమే కల్పన. ఇది నిజంగా 1957లో మన పార్వతీపురంలో జరిగింది.

అప్పటి పార్వతీపురం లోక్‌సభ స్థానం ద్విసభ్యమే, కాని రిజర్వుడు సీటు షెడ్యూల్డు తెగలది. పోటీలో నలుగురు. జనరల్ సీటుకు వి.వి.గిరి గారు, కృష్ణమూర్తినాయుడు గారు. గిరి గారు అప్పటికే 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసిన కాంగ్రెస్ నాయకులు. ఇటు గిరిజన అభ్యర్థులు బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర. లెక్కింపులో సత్యనారాయణ గారు అందరికంటే ముందు వచ్చారు, రిజర్వుడు సీటు ఆయనది. రెండో స్థానం సూరిదొర గారిది, 1,24,604 ఓట్లు. గిరి గారికి 1,24,039. తేడా 565. జనరల్ సీటు సూరిదొర గారికి ప్రకటించారు.

గిరి గారు ఊరుకోలేదు. కేసు వేశారు. ట్రిబ్యునల్, హైకోర్టు మెట్లు ఎక్కి అది 1959లో సుప్రీంకోర్టులో తేలింది. వాదన రెండు రకాలు. మొదటిది: సూరిదొర నామినేషన్‌లో రిజర్వుడు సీటుకని ప్రకటన ఇచ్చాడు కనుక జనరల్ సీటు తీసుకునే హక్కు లేదు. రెండోది ఇంకా విచిత్రం: ఆయన కుటుంబం చాలా ఏళ్ళుగా క్షత్రియులమని చెప్పుకుంటోంది, ఆ ఆచారాలు పాటిస్తోంది, కనుక ఆయన గిరిజనుడే కాదు.

మెజారిటీ న్యాయమూర్తుల తరఫున జస్టిస్ గజేంద్రగడ్కర్ తీర్పు రాశారు. ఆ నియోజకవర్గంలో రిజర్వుడుకు ఒక ఎన్నిక, జనరల్‌కు ఇంకో ఎన్నిక అని విడివిడిగా లేవు, పోటీ ఒకటే అన్నారు. ప్రకటన ఇచ్చినవాడికి రిజర్వుడు సీటుకు అర్హత అదనంగా వస్తుందే తప్ప, జనరల్ సీటుకు ఉన్న అర్హత పోదు అన్నారు. ఆ 'అదనంగా' అన్న భావాన్ని తమ్ముళ్ళు ఎర్ర సిరాతో గీసుకోవాలి. ఈ పాఠానికంతా గుండెకాయ అదే.

రెండో వాదన మీద చెప్పింది కూడా ఆలోచించదగ్గది. ఎవరో తమను పై కులమని అనుకున్నంత మాత్రాన పై కులం అయిపోరు, ఆ కులంవాళ్ళు ఒప్పుకోవాలి, అటువంటి రుజువు లేదు అన్నారు. జస్టిస్ కపూర్ దీనితో విభేదించి, సూరిదొర తెగను వదిలేసినట్టే అని వేరుగా రాశారు. మేము ఈ తీర్పును లైబ్రరీలో కూర్చుని చదివినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేదు. కులం మారదని గెలిపించిన తీర్పు ఇది. గెలుపు మనదే, కారణం మాత్రం గొంతు దిగదు.

అయితే ద్విసభ్య పద్ధతి అన్నిచోట్లా మేలు చేసిందని అనుకోకూడదు. 1952లో బొంబాయి నగర ఉత్తర ద్విసభ్య స్థానంలో రాజ్యాంగాన్ని రాసిన అంబేడ్కర్ గారే ఓడిపోయారు. రిజర్వుడు సీటు కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్‌కు సుమారు 14 వేల ఓట్ల తేడాతో వెళ్ళింది. రెండో ఓటును కావాలని పాడు చేయించారని, వేలకొద్దీ ఓట్లు చెల్లకుండా పోయాయని అంబేడ్కర్ గారు, అశోక్ మెహతా గారు ఎన్నికల పిటిషన్ వేశారు కాని ఫలితం మారలేదు. 1954లో భండారా ఉపఎన్నికలో, అదీ ద్విసభ్య స్థానమే, మళ్ళీ ఓటమి. ఉమ్మడి ఓటులో ఎవరి రెండో ఓటు ఎటు పోతుందన్నది మన చేతిలో ఉండదు. రెండో ఓటే పార్వతీపురంలో ఎత్తింది, బొంబాయిలో ముంచింది.

అదే 1952లో అంబేడ్కర్ గారి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ దేశం మొత్తం మీద రెండే లోక్‌సభ సీట్లు గెలిచింది. ఒకటి షోలాపూర్. రెండోది మన కరీంనగర్! ఏనుగు గుర్తు మీద ఎం.ఆర్.కృష్ణ గారు అక్కడి రిజర్వుడు సీటు గెలిచారు. ఆయనతో పాటు జనరల్ సీటులో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున బద్దం ఎల్లారెడ్డి గారు. నాయకుడు బొంబాయిలో ఓడినప్పుడు గుర్తును గోదావరి ఒడ్డున మనవాళ్ళు నిలబెట్టారు. కరీంనగర్ ప్రాంతపు తమ్ముళ్ళు ఈ సంగతి తమ ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి చూడాలి. ఏనుగు పెట్టెలో కాగితం వేసిన మాట తమ తల్లిదండ్రుల నోట విన్నవాళ్ళు ఎక్కడైనా ఉండవచ్చు.

1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను చట్టం చేసి రద్దు చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవని, తిరగడం కష్టమని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పారు. అవి అబద్ధాలు కావు. కాని పార్వతీపురం తీర్పు వచ్చిన రెండేళ్ళకే ఈ రద్దు రావడం చూస్తే, ఖర్చు ఒక్కటే కారణమా అని మాకు అనుమానం. మా క్లాసులో దీని మీద గంటసేపు వాదన జరిగింది, తేలలేదు. 1962 నుంచి రిజర్వుడు స్థానాలు వేరు, జనరల్ స్థానాలు వేరు. ఎం.ఆర్.కృష్ణ గారు ఆ ఎన్నికలో పెద్దపల్లి రిజర్వుడు స్థానం నుంచి గెలిచారు. ఇప్పుడు లోక్‌సభ 543 స్థానాలలో 84 షెడ్యూల్డు కులాలకు, 47 షెడ్యూల్డు తెగలకు ఉన్నాయి.

గీత ఇలా గీశాక జనం మనసులో కూడా గీత పడింది. రిజర్వుడు మీది, జనరల్ మాది అని. చట్టంలో అలా ఎక్కడా లేదు. జనరల్ స్థానంలో ఎవరైనా పోటీ చేయవచ్చు. 2024 ఎన్నికలలో ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాద్ జనరల్ స్థానం నుంచి పాసీ కులస్థుడైన అవధేశ్ ప్రసాద్ గెలిచారు. అంత పెద్ద వార్త కావడమే ఇలాంటి గెలుపులు ఎంత తక్కువో చెబుతుంది.

చదువుల సీట్లలోనూ ఇదే సంగతి. ఒక కౌన్సెలింగ్ హాలులో మేము ర్యాంకు ప్రకారం ఓపెన్ వరసలో నిలబడితే, అక్కడి ఉద్యోగి ఒకాయన కాగితం చూసి 'మీ వరస అటు బాబూ' అని చెయ్యి చూపించాడు. మేము కదలలేదు. ర్యాంకు చూడండి సార్ అన్నాం. చూశాడు, ఊరుకున్నాడు. ఓపెన్ సీటు ఏ కులానికీ రాసిచ్చిన సీటు కాదు. మెరిట్‌లో ఓపెన్ సీటు తెచ్చుకున్న మన అభ్యర్థిని కోటాలో లెక్కకట్టకూడదని సుప్రీంకోర్టు 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో కూడా చెప్పింది. కౌన్సెలింగ్‌కు వెళ్ళే తమ్ముళ్ళు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఈ రెండు కేసుల పేర్లు కూడా పట్టుకెళ్ళండి: ఇంద్రా సాహ్నీ, వి.వి.గిరి వర్సెస్ డి.సూరిదొర.

గిరి గారు ఆ ఓటమి తర్వాత గవర్నరుగా వెళ్ళి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. వారి గురించి పాఠ్యపుస్తకాలలో ఉంది. సూరిదొర గారి గురించి వెతకాలంటే ఆ తీర్పే దిక్కు. పార్వతీపురం ఇప్పుడు అరకు గిరిజన రిజర్వుడు లోక్‌సభ స్థానంలో ఒక భాగం.

చివరగా ఒక లెక్క. నడిమిసీమలో ఉత్తర బెంగాల్ లాంటి త్రిసభ్య నియోజకవర్గం ఒకటుంది. ఒకటి జనరల్, ఒకటి షెడ్యూల్డు కులాలకు, ఒకటి షెడ్యూల్డు తెగలకు. ఓటర్లు 100, ఒక్కొక్కరికి మూడు ఓట్లు. ఇతరులు అ 52, ఆ 48. షెడ్యూల్డు కులాలవారు ఇ 66, ఈ 55. షెడ్యూల్డు తెగలవారు ఉ 44, ఊ 35. ముగ్గురు విజేతలెవరో, ఎందుకో కాగితం మీద రాసి, సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు చూపించండి.