సొంత షెడ్డుకూ ఆదివారం ఉండాలంటే

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్‌ప్లాంట్ ఇళ్లలో పెరిగిన పిల్లలకు షిఫ్టుల లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. నాన్నది ఎ షిఫ్టా, బి షిఫ్టా, నైటా అన్నదాన్ని బట్టే ఇంట్లో వంట, నిద్ర, పెళ్లిళ్లకు ప్రయాణాలు. పని ఎంత కష్టమైనా షిఫ్టు దిగాక ఆయన ఇంటి మనిషే. అలాంటి ఇళ్ల నుంచి ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లు ఇప్పుడు ఆటోనగర్‌లో చిన్న లేత్ షెడ్డు పెట్టుకుంటామంటున్నారు. వాళ్లు ముందు అడిగేది పెట్టుబడి ఎంత కావాలని. నేను మాత్రం మీ డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని ఎదురడుగుతాను. రేపు మీకు తీరిక ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఆ జవాబును బట్టే తేలుతుంది.

విశాఖ ఉక్కు కోసం 1966లో ఉద్యమం సాగింది, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న కర్మాగారం జాతికి అంకితమైంది. దాని నీడన ఎన్నో చిన్న వర్క్‌షాపులు బతికాయి. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ ఎగుడుదిగుళ్లన్నీ వార్తల్లో చదివినవాళ్లకు వేరు, ఒకే గేటు మీద ఆధారపడినవాళ్లకు వేరు. పెద్ద సంస్థకు చేతిలో డబ్బు ఆడనప్పుడు ముందుగా ఆగేది చిన్నవాళ్ల బిల్లులే. అందుకే ఒకే పార్టీ నుంచి మీ రాబడిలో మూడో వంతుకు మించి రాకుండా చూసుకోండి. విశాఖలో అదేం అసాధ్యం కాదు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్లు, ఫిషింగ్ హార్బర్ అన్నీ ఒక బైకు దూరంలోనే ఉన్నాయి.

తర్వాత చూడాల్సింది పని స్వభావం. బ్రేక్‌డౌన్ పనికి డబ్బు బాగానే వస్తుంది, కానీ ఫోన్ రాత్రి రెండింటికి మోగుతుంది. షట్‌డౌన్ పని, వార్షిక మెయింటెనెన్సు పని అలా కావు, తేదీ ముందే తెలుస్తుంది. హార్బర్నే చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. బోట్ల ఇంజన్లు విప్పడం, అడుగు భాగం బాగుచేయించడం, రంగులు వేయించడం యజమానులు అప్పుడే పెట్టుకుంటారు. ఆ రెండు నెలలూ మెకానిక్కుకు ఊపిరాడదు నిజమే, అయితే ఆ సంగతి అతనికి జనవరిలోనే తెలుసు. మొదట్లో బ్రేక్‌డౌన్ కాల్స్ వద్దనుకోలేరు. మూడేళ్ల తర్వాత కూడా అవే మీ ప్రధాన ఆదాయమైతే మాత్రం వ్యాపారం దారి తప్పినట్టే.

రేటు వేసేటప్పుడు చేసే పొరపాటు మరొకటుంది. ఉదాహరణకు ఇంటి ఖర్చు, అద్దె, కరెంటు, కిస్తీ కలిపి నెలకు రూ.50,000 కావాలనుకుందాం. నెలకు 25 పనిదినాలు కదా అని రోజుకు రూ.2,000 లెక్కన కొటేషన్ ఇస్తారు. కానీ మెటీరియల్ తేవడానికి, కొటేషన్లకు, బిల్లుల కోసం తిరగడానికి తొమ్మిది రోజులు పోతాయి. మెషీన్ సంపాదించేది మిగిలిన 16 రోజులే. ఆ లెక్కన రోజుకు రూ.3,125 పడాలి. రూ.2,000కే ఒప్పుకుంటే అదే రూ.50,000 రావడానికి, తిరుగుడుకు పోయే ఆ తొమ్మిదితో కలిపి నెలకు 34 రోజులు కావాలి. లేని రోజుల్ని ఎక్కడినుంచి తెస్తారు? రాత్రుల్లోంచి, ఆదివారాల్లోంచి.

ముద్ర రుణం రూ.10 లక్షల వరకు తాకట్టు లేకుండా దొరుకుతుంది. దొరికింది కదా అని మొదటి ఏడాదే కొత్త సీఎన్‌సీ కొనకండి. కిస్తీ నడుస్తున్న మెషీన్ ఖాళీగా కనిపిస్తే యజమాని ఏ రేటుకైనా, ఏ పనికైనా తలూపుతాడు. సెకండ్ హ్యాండ్ లేత్‌తో మొదలుపెట్టి, మిగతాది పక్క షెడ్డులో జాబ్‌వర్కుకు ఇవ్వడం నామోషీ ఏం కాదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్, పాన్ ఉంటే మీరే చేసుకోవచ్చు, ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. మొదటి వర్క్ ఆర్డరుకు ముందే చేసుకోవడం మేలు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. రేపు పని ఇవ్వాల్సిన పార్టీ మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికీ చేయి రాదు, అది నాకూ తెలుసు. ఫిర్యాదుదాకా వెళ్లకుండానే ఈ చట్టాన్ని వాడుకోవచ్చు. కొటేషన్‌లో, ఇన్వాయిస్‌లో ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు అచ్చువేయండి. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో చేసిన సవరణతో, గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని కొన్నవాళ్లు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. కాబట్టి మార్చి వస్తోందంటే మీ బిల్లును వాళ్ల ఆడిటరే గుర్తుచేస్తాడు.

ఇదంతా లేత్ షెడ్డుకే పరిమితం కాదు. కర్రీ పాయింట్ పెట్టినావిడ సాయంత్రం ఎంత మిగులుతుందో తెలియక రెండు పూటలా పొయ్యి దగ్గరే ఉంటుంది. నెలవారీ క్యారేజీలు ముందస్తు డబ్బుతో ఒప్పుకున్నావిడకు రేపు ఎన్ని కిలోల బియ్యం పోయాలో ఈ రాత్రే తెలుసు, వారానికి ఒకరోజు సెలవని ముందే చెప్పగలదు.

షెడ్డు పెట్టేముందు కనీసం ఏడాది ఎవరి దగ్గరైనా అప్రెంటిస్‌గానో, హెల్పర్‌గానో చేయండి. చేరేటప్పుడు ఎన్ని మెషీన్లున్నాయని చూడకండి. బిల్లుల ఫైలు మీ చేతికిచ్చి, పార్టీల దగ్గరికి మిమ్మల్ని పంపే యజమాని దొరికితే జీతం వెయ్యి తక్కువైనా ఒప్పుకోండి. ఎవరు ఎన్నాళ్లకు చెల్లిస్తున్నారో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోండి. రేపు మీ సొంత షెడ్డుకు ఎవరి పని పట్టాలో, ఎవరిది వదలాలో ఆ పుస్తకం చూసే తేల్చుకోవచ్చు.