ఖాళీ గళ్లే చూడండి: ఇంటి చదువు మీద ఒక పాత పంతులు మాటలు

మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో ప్రైమరీ బడి పంతులుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా మనవరాలు బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుతోంది. కోడలు పాఠం చెబుతుంది, నేను పక్కన కూర్చుంటాను. కరోనా తర్వాత మా పట్నంలో ఇలా ఇంటిపట్టునే చదివిస్తున్న ఇళ్లు ఒకటీ అరా ఉన్నాయి. ఆ తల్లిదండ్రులు బజార్లో కనబడితే అడిగేది ఒకటే: "ఏమన్నా మిగిలిపోతదా సార్?"

మిగిలిపోతుంది. బడికి పోయినా మిగిలిపోతుంది. కాకపోతే బడిలో ఏడాదికో టీచరు మారతారు, పరీక్ష పేపరు ఎక్కడినుంచో వస్తుంది, లోపం ఎవరో ఒకరి కంట పడుతుంది. ఇంట్లో పాఠం చెప్పేదీ అమ్మే, పేపరు దిద్దేదీ అమ్మే, పాస్ చేసేదీ అమ్మే. బిడ్డకు ఫలానాది రాదని ఒప్పుకోవడానికి ఏ అమ్మకైనా మనసు రాదు. అందుకే రాసి పెట్టుకోవాలి. ఎలా రాసుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

1. చెప్పింది కాదు, వచ్చింది రాయండి

చాలామంది డైరీలు చూశాను. "సోమవారం: తీసివేతలు, రెండు పేజీలు." అది అమ్మ చేసిన పనికి లెక్క. బిడ్డకు ఏమొచ్చిందో అందులో ఉండదు.

మనవరాలి పుస్తకంలో తీసివేతలన్నీ రైటే. ఒకనాడు 403లోంచి 128 తీసెయ్యమన్నాను. చకచకా 325 అని రాసి చూపించింది. ఎట్లా చేశావో నోటితో చెప్పు బిడ్డా అన్నాను. "నాలుగుల ఒకటి పోతె మూడు తాతా. సున్నకు, రెండుకు నడుమ రెండు. మూడుకు, ఎనిమిదికి నడుమ అయిదు." పై అంకె చిన్నదైన చోట కింది అంకెలోంచి పైదాన్ని తీసేస్తోంది! పాత పేజీలు తిరగేస్తే 58లోంచి 23, 79లోంచి 46, అన్నీ ఆ వరసవే. పై అంకె ఎప్పుడూ పెద్దదే కాబట్టి తప్పు పద్ధతితోనూ జవాబు సరిగ్గానే వచ్చేది. 275 అని జవాబు చెప్పి ఊరుకుంటే ఆ పద్ధతి అలాగే ఉండిపోయేది. అగ్గిపుల్లల కట్టలు పెట్టి, వంద కట్టను పది కట్టలుగా విప్పించి, అందులో ఒక పదిని మళ్లీ విడి పుల్లలుగా విప్పిస్తే గానీ దారికి రాలేదు.

అంటే రికార్డులో "తీసివేత" అనేది ఒక్క గడి కాదు. అప్పు తేనక్కర్లేనిది, అప్పు తెచ్చేది, నడుమ సున్నా ఉన్నది, రాత సమస్యలో దాగి ఉన్నది, ఇలా నాలుగు గళ్లు. గడి ఎంత చిన్నదైతే లోపం అంత తొందరగా దొరుకుతుంది.

2. నాలుగు గుర్తులు చాలు

ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసుకోండి. ఎడమ పక్కన రాయాల్సిన వరసలు మీరు కష్టపడి తయారుచేయక్కర్లేదు. ఏ తరగతికి ఏం రావాలో ఎన్‌సీఈఆర్‌టీ 2017లోనే అభ్యసన ఫలితాల పేరుతో అచ్చువేసింది. మన రాష్ట్ర తెలుగు వాచకాల్లో పాఠం చివర "ఇవి చేయగలనా?" అని ఓ చిన్న పట్టిక ఉంటుంది. బడిలో మేము తొందర్లో దాటేసే పేజీ అదే, ఇంట్లో బంగారంలా పనికొచ్చేదీ అదే.

మొదలుపెట్టకపోతే గడి ఖాళీ. పక్కన కూర్చుంటే చేస్తోందంటే చుక్క. ఒంటరిగా చేసిందంటే ఒక గీత. నెల పోయాక చెప్పాపెట్టకుండా అడిగినా చేసిందంటే రెండో గీత, పక్కన తేదీ. మార్కులు వెయ్యొద్దు. నూటికి ఎనభై అన్నప్పుడు ఆ మిగతా ఇరవై ఏమిటో ఎవరూ తిరిగి చూడరు. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఓ పావుగంట పుస్తకం తిరగేయండి. గీతల వైపు పోకండి, ఖాళీలూ చుక్కలూ ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. వచ్చేవారం పాఠం అదే.

3. నోటికి వస్తే వచ్చినట్టు కాదు

ఇంటి చదువు కొత్త ఫ్యాషనేమీ కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల నుంచి బడుల లెక్కలు అడిగించాడు. 1826లో ఆయన రాసిన మినిట్‌లో, అంటే సర్కారు నోటులో, ఒక ముచ్చట ఉంది. మద్రాసు పట్నంలో బడికి పోయే పిల్లలు 5,523 మంది అయితే, ఇంట్లో చదువుకునేవాళ్లు 26,963 మంది. దాదాపు అయిదింతలు. ఆ ఇంటి పిల్లలకు ఏం వచ్చో, ఏం రాదో మాత్రం ఎవరూ లెక్క తీసినట్టు లేదు.

వీధి బడుల సంగతి మాత్రం బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 నివేదికలో వివరంగా ఉంది. బళ్లారిలో అప్పుడు తెలుగు బడులు, కన్నడ బడులు రెండూ ఉండేవి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం ఆయనకు నచ్చాయి. నచ్చనిది ఒకటుంది. పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం ఒక్కటీ తెలియదని రాశాడు. దొర మాట కదా అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, రెండు వందల ఏళ్ల తర్వాత మన ఇళ్లలోనూ అదే చూస్తున్నాం. చుట్టాలొస్తే పిల్లతో పద్యం చెప్పించి మురిసిపోతాం.

నేను పెట్టే పరీక్ష చిన్నది. పద్యం వచ్చాక పక్కింటి చిన్నోడికి దాని సంగతి కథలా చెప్పమంటాను. ఎక్కం వచ్చాక 56లో ఏడులు ఎన్ని అని తిరగేసి అడుగుతాను. ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టి వేళ్ల మీద ఎనిమిది దాకా వస్తే చుక్కే. గీత లేదు.

4. ఒత్తుల దగ్గర ఆగండి

కథల పుస్తకాలు బాగా చదివే పిల్లల్లోనే ఈ లోపం దాక్కుంటుంది. మొదటి అక్షరం చూసి, బొమ్మ చూసి, మిగతాది ఊహించేస్తారు. తెలిసిన కథ కాబట్టి ఊహ సరిపోతుంది. అర్థం లేని మాటలు రాసి చదివించండి: గ్రుప్పం, ష్టేలు, మ్యోకి. ఊహించడానికి వీల్లేదు కాబట్టి ఒత్తు వచ్చో రాదో అక్కడికక్కడే తేలిపోతుంది. రాతలో ళ, ణ, ఖ, ఘ ప్రత్యేకంగా చూడండి. మన నోట అవి ల, న, క, గ లాగే పలుకుతాయి గనుక చెవిని నమ్మి రాసే పిల్లలకు డిక్టేషన్ తప్ప దారి లేదు.

5. విహారానికి పది గళ్లు నింపొద్దు

మన మెదక్‌లో చర్చి ఉంది, ఖిల్లా ఉంది, ఏడుపాయలు పక్కనే. ఇంట్లో చదివించేవాళ్లకు అదృష్టమే. కానీ ఓ పూట చర్చికి పోయొచ్చి చరిత్ర, లెక్కలు, సైన్సు, కళలు, అన్నింటికీ గీతలు పెట్టేయడం నాకు నచ్చదు. వెళ్లేముందే ఒక గడి అనుకోండి. చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. వైశాల్యం ఎంత? చుట్టుకొలత ఎంత? గంట గోపురం 175 అడుగులు, మన ఇల్లు దానికి ఎన్నోవంతు? లేదా 1924 డిసెంబరు 25న ప్రారంభమైన గుడి నీ పుట్టుకకు ఎన్నేళ్ల ముందుది? ఒక్కటి సాధిస్తే చాలు. మిగతాది ఐస్‌క్రీమ్.

6. తరగతి పేరు పక్కన పెట్టండి

2020 మార్చి 16న తెలంగాణలో బడులు మూసేశారు. సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పది దాకా దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలు మళ్లీ తరగతి గదిలో కూర్చున్నది 2021 సెప్టెంబరులోనే. ఒకటో తరగతి చివర్లో ఇంటికి పోయిన పిల్లలు మూడో తరగతి పిల్లలుగా నా ముందుకొచ్చారు. కొందరికి గుణింతాలు కూడా గుర్తులేవు. టీవీ ముందు కూర్చున్నదానికి హాజరు ఉంది, వచ్చినదానికి లెక్క లేదు. తర్వాత 2022 ఆగస్టు 15న సర్కారు తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. ముందు ఒక పరీక్షతో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, అక్కడినుంచే చెప్పమన్నారు.

ఇంట్లో ఈ పని ఇంకా సులువు, సిగ్గుపడేందుకు పక్క బెంచీలో ఎవరూ ఉండరు. పిల్ల ఇంగ్లీషులో నాలుగో తరగతిలో, లెక్కల్లో రెండో తరగతిలో ఉండొచ్చు. అలాగే రాయండి. రేపు మనసు మారి బడికి పంపాలన్నా భయం లేదు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడినదానికి ప్రత్యేకంగా నేర్పించాలి.

7. ఏడాదికోసారి పరాయి కన్ను

ఏడాదికోసారైనా పిల్లకు బయటివాళ్లతో పరీక్ష పెట్టించండి, మూడు నెలలకోసారైతే ఇంకా మేలు. రిటైరైన టీచరో, చుట్టాల్లో డిగ్రీ చదివే పిల్లో, ఎవరైనా సరే. మీరు గదిలో ఉండొద్దు. కళ్లతో జవాబు అందించని అమ్మను నేను చూడలేదు.

8. ఫారం నింపే ముందు

చివరికి ఒక సర్టిఫికెట్ కావాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్ 1989లో, మన సార్వత్రిక విద్యాపీఠం ఉమ్మడి రాష్ట్రంలో 1991లో వచ్చాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. అంతకంటే ముందు ఎన్‌ఐఓఎస్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఏ, బీ, సీ స్థాయిలున్నాయి. బయటి పరీక్షకు అలవాటు పడాలనుకుంటే అవి బాగుంటాయి.

ఎన్‌ఐఓఎస్‌లో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. సౌకర్యం అదే, చిక్కూ అదే. లెక్కలు తీసుకోకుండానే పదో తరగతి గట్టెక్కవచ్చు. తర్వాత పాలిటెక్నిక్‌లో చేరాలంటే పది లెక్కలతో పాసై ఉండాలి, దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 60 ప్రశ్నలు లెక్కలవే. లెక్కలు వదిలేద్దామనే మాట వచ్చిన ఇంట్లో నేను అడిగేది పాత నోట్‌బుక్కు. తెరిస్తే చాలాసార్లు నాలుగో తరగతి భిన్నాల దగ్గర చుక్కలే కనిపిస్తాయి, అటు పైన వరసగా ఖాళీలు. పద్నాలుగేళ్ల పిల్లవాడికైనా రొట్టె నాలుగు ముక్కలు చేసి పావు, అర, ముప్పావు దగ్గర మొదలుపెడితే ఆ వరస నిండడానికి ఒక ఎండాకాలం చాలు. ఫారం ఆ తర్వాత తెచ్చుకోవచ్చు.