వెనక హీటర్ లీకు: సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా, కెనడాల నుంచి వచ్చాయి. మూడు వరుసల సీట్లున్న పాత బళ్లలో కూలెంట్ ఎటు పోతోందో తెలియడం లేదన్నది చాలామంది గోడు.

ప్రశ్న: మాది 2008 టయోటా సియెన్నా. కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. రేడియేటర్ బాగానే ఉంది, ఇంజిన్ కింద తడి లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? (ఒక పాఠకుడు, డెట్రాయిట్ దగ్గర)

జవాబు: కావచ్చు. కానీ అంత ఖర్చుకు సిద్ధపడే ముందు బండి అడుగుభాగం చూడండి. మీ వ్యాన్‌లో వెనక సీట్ల వాళ్ల కోసం ఇంకో హీటర్ ఉంది. ఇంజిన్ దగ్గర వేడెక్కిన కూలెంట్ ఒక పైపులో వెనక్కి వెళ్లి, ఆ హీటర్ కోర్‌లో వేడిని వదిలి, ఇంకో పైపులో తిరిగొస్తుంది. రెండు పైపులూ బండి కిందుగానే పోతాయి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వాటి మీద పడి లోహాన్ని తినేస్తుంది. పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పుల చోట ఉప్పు బురద ఇరుక్కుపోతుంది కాబట్టి తుప్పు అక్కడే ముందు పడుతుంది.

ఊహతో పని లేదు, ప్రెషర్ పరీక్ష చేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే పంపు కొట్టండి. పదిహేను నిమిషాల్లో ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. అప్పుడు టార్చిలైటుతో పైపుల పొడవునా వెతకండి. బండి నడుస్తున్నప్పుడు గాలికి చుక్కలు వెనక్కి కొట్టుకుపోతాయి. అందుకని తడి కనిపించిన చోటు నుంచి ముందువైపు చూసుకుంటూ రండి. ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టి ఈ టెస్టర్ తెచ్చుకోవచ్చు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వాపసు ఇస్తారు. పైపులన్నీ పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్కెట్ సంగతి చూడండి. దానికీ ఒక ద్రవంతో పరీక్ష ఉంది: కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ చేరుతుంటే ఆ నీలం ద్రవం పసుపుకు తిరుగుతుంది.

ప్రశ్న: మా వ్యాన్‌లో మూడో వరుస దగ్గర కార్పెట్ తడిగా, జిగటగా ఉంటోంది. తియ్యటి వాసన వస్తోంది. వెనక అద్దాలు మసకబారి, తుడిచినా జిడ్డు పోవడం లేదు. పిల్లలు కూర్చునేది అక్కడే. (ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీరు రాసిన మూడు లక్షణాలూ వెనక హీటర్ కోర్‌నే చూపిస్తున్నాయి. పక్క ప్యానెల్ వెనకున్న కోర్ గానీ, దానికి పైపులు కలిసే జాయింట్ గానీ కారుతోంది. ఏసీ నీళ్లయితే రంగు, వాసన, జిగట ఏవీ ఉండవు. ప్యానెల్ విప్పించి చూడండి. జాయింటైతే చిన్న పని. కోర్ అయితే మార్చడం ఒక్కటే దారి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉండటంతో పెంపుడు జంతువులు నాకుతాయి. కార్పెట్ ఎత్తి కింది ప్యాడింగ్‌తో సహా కడిగి ఆరబెట్టండి. అది అయ్యేదాకా పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టకండి.

ప్రశ్న: వెనక హీటర్ పైపు ఒకచోట తుప్పు పట్టి చిల్లు పడింది. మొత్తం పైపులు మార్చాలంటే చాలా అవుతుందన్నారు. చిల్లున్న ముక్క కోసేసి రబ్బరు హోస్ పెడితే నిలుస్తుందా? లీక్ ఆపే మందు పోస్తే? (ఒక పాఠకుడు, మిసిసాగా, కెనడా)

జవాబు: మందు వద్దు. చిల్లును మూసే పదార్థమే ముందు, వెనక హీటర్ కోర్‌ల సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. లీకు ఆగినా వేడి గాలి రాదు. ఎపాక్సీ పూతలు కూడా తుప్పు పట్టిన లోహం మీద ఎక్కువ కాలం నిలవవు.

హోస్ పెట్టడం మంచి పనే, కానీ అది పట్టుకునే లోహం గట్టిదై ఉండాలి. చిల్లుకు రెండు వైపులా తీగ బ్రష్‌తో రుద్ది చూడండి. పొరలు పొరలుగా రాలితే, గట్టి లోహం తగిలేదాకా వెనక్కి కోయాలి. పైపు కొస నున్నగా ఉంటే హోస్ జారిపోతుంది. అందుకే కొసకు చిన్న ఉబ్బు తీయించాలి. పైపు బయటి కొలత చూసుకుని, కూలెంట్‌కు పనికొచ్చే హీటర్ హోస్ మాత్రమే కొనండి. పెట్రోలు హోస్ దీనికి పనికిరాదు. హోస్‌ను సైలెన్సర్ పైపుకు దూరంగా కట్టండి. పైపు పొడవునా తుప్పుంటే ముక్క అతకడం దండగ, వచ్చే చలికాలానికి పక్కనే ఇంకో చిల్లు పడుతుంది. అప్పుడు ముందు నుంచి వెనకదాకా కొత్త లైనే వేయించండి. కింద పని చేసేటప్పుడు జాక్‌ను మాత్రమే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి.

పని అయ్యాక గాలి తీయడం ముఖ్యం. బండి ముందు భాగం ఎత్తులో నిలిపి, కూలెంట్ నింపి, రెండు హీటర్లూ పూర్తి వేడికి తిప్పి ఇంజిన్‌ను నడవనివ్వండి. బుడగలు ఆగి, వెనక వెంట్ల నుంచి వేడి గాలి వస్తే గాలి పోయినట్టే. మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి తగ్గినంత పోయండి. కూలెంట్‌ను రంగు చూసి కొనకండి, బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. సగం కూలెంట్, సగం నీళ్ల మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. కలిపి అమ్మే రకంలో మళ్లీ నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: మా షెవ్రొలే సబర్బన్‌లో వెనక ఎవరూ కూర్చోరు. వెనక హీటర్‌ను పూర్తిగా మూసేయొచ్చా? (ఒక పాఠకుడు, షికాగో)

జవాబు: మూసేయొచ్చు. ముందు హీటర్, వెనక ఏసీ మామూలుగానే పనిచేస్తాయి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ సీట్ల గదికీ మధ్య ఉండే లోహపు గోడ) దగ్గర వెనక్కి చీలే రెండు హోస్‌లనూ విడివిడిగా, లోహపు ప్లగ్గు పెట్టి క్లాంపుతో బిగించి మూయండి. రెండింటినీ ఒకదానికొకటి కలిపేస్తే కూలెంట్ ఆ దగ్గర దారినే పోయి ముందు వేడి తగ్గవచ్చు. రబ్బరు టోపీలు వేడికి పగులుతాయి. ఈ బళ్లలో చీలిక దగ్గరుండే టీ (T) ఆకారపు ప్లాస్టిక్ జాయింట్లు వయసు మీదపడి పెళుసెక్కి విరుగుతుంటాయి, పనిలో పనిగా వాటినీ మార్చేయండి. పాత పైపుల్లో మిగిలిన కూలెంట్‌ను గిన్నెలోకి దింపేయండి. లేకపోతే కొన్నాళ్లు చుక్కలు పడి, పని చెడిందేమోనని మీరు కంగారు పడతారు.

ప్రశ్న: మా కారులో వెనక ఏసీ వెంట్లున్నాయి. కూలెంట్ తగ్గుతోంది. ఇదీ వెనక హీటర్ లీకేనా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఆ అవకాశం తక్కువ. మన దగ్గర అమ్మే చాలా కార్లలో వెనక వెంట్లకు గాలి మాత్రమే వస్తుంది, కూలెంట్ పైపు పోదు. మీరు రేడియేటర్, వాటర్ పంపు, హోస్‌లు, ముందు సీట్ల దగ్గరి కార్పెట్ చూడండి.

అందరికీ ఒక మాట. దారిలో ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తే ఇంటికి చేరాక చూద్దామనుకోకండి. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, వేడి మీద మూత తీయకండి. వెనక హీటర్ లేకున్నా బండి నడుస్తుంది, కూలెంట్ లేకుంటే ఇంజినే పోతుంది.